అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే.. డెంగీలో ప్రాణం మీదకు తెచ్చేది ప్లాస్మా లీకేజీ

క్లుప్తంగా: డెంగీ ప్రాణాంతకంగా మారడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం ప్లాస్మా లీకేజీ. సన్నని రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి ఊరిపోయి, గుండెకు తిరిగి చేరే రక్తం చాలకుండా పోతుంది. ఇది సాధారణంగా జ్వరం తగ్గే వేళకు మొదలై ఒకటి రెండు రోజులు సాగుతుంది. దీన్ని పసిగట్టడానికి ప్లేట్‌లెట్ కౌంట్ ఒక్కటే చాలదు. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా), బీపీలో పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా, మూత్రం, కడుపునొప్పి ఇంకా ఎక్కువ చెబుతాయి. రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా పెద్దగా ఒరిగేదేమీ లేదని పరిశోధనల్లో తేలింది.

వానలు పడి నాలుగిళ్లలో జ్వరాలు మొదలయ్యాయంటే ల్యాబుల ముందు సీబీపీ పరీక్షకు జనం బారులు తీరతారు. రిపోర్టు చేతికి రాగానే అడిగే మొదటి మాట ‘కౌంట్ ఎంతకు పడింది?’ అనే. లక్ష అంటే కాస్త నిబ్బరం, యాభై వేలంటే టెన్షన్, ఇరవై వేలంటే వాట్సాప్ గ్రూపుల నిండా ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్లు) దాతల కోసం మెసేజ్‌లు. 2023లో దేశం మొత్తం మీద దాదాపు 2.89 లక్షల డెంగీ కేసులు, 485 మరణాలు ప్రభుత్వ లెక్కలకెక్కాయి. అంటే నమోదైన ప్రతి వెయ్యి మందిలో చనిపోయినవారు ఇద్దరి లోపే. ప్లేట్‌లెట్లు తగ్గినవారు మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. అంతమందికి కౌంట్ పడిపోతున్నా ప్రాణం మీదకు వచ్చేది కొద్దిమందికే అంటే, ఆ కొద్దిమంది ఒంట్లో ఇంకేదో జరుగుతోందన్నమాట.

కౌంట్ ఎందుకు పడుతుంది

ప్లేట్‌లెట్లు పూర్తి కణాలు కావు. ఎముక మూలుగలో ఉండే మెగాకార్యోసైట్లు అనే భారీ కణాల నుంచి తెగి రక్తంలోకి వచ్చే తునకలు. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఒక్కోదాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. రక్తనాళానికి ఎక్కడైనా గాయమైతే ముందుగా అక్కడికి చేరి, ఒకదానికొకటి అతుక్కుని రంధ్రాన్ని మూసేది ఇవే.

డెంగీ వైరస్ వీటిని రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తుంది. జ్వరం తొలి రోజుల్లో మూలుగ మందగించి ఉత్పత్తి తగ్గుతుంది. ఆ తర్వాత, వైరస్‌ను ఎదుర్కోవడానికి తయారైన యాంటీబాడీలు కొన్ని ప్లేట్‌లెట్లకూ అంటుకుంటాయి. అలా గుర్తు పడినవాటిని ప్లీహం, కాలేయం రక్తంలోంచి ఏరేస్తాయి. కొన్ని ప్లేట్‌లెట్లు అవసరం లేకపోయినా ఉత్తేజితమై ఖర్చైపోతాయి. వారం తిరిగేసరికి ఈ రెండు ఒత్తిళ్లూ సడలుతాయి. మూలుగ మళ్లీ జోరందుకుని, మందూ మాకూ లేకుండానే కౌంట్ పైకి లేస్తుంది.

ఇంకో జబ్బుతో పోల్చి చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. ఐటీపీ అనే జబ్బులో శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకుంటుంది. అందులో పది, ఇరవై వేల కౌంట్‌తో రోజువారీ పనులు చేసుకుంటూ తిరిగేవాళ్లున్నారు. చర్మం మీద ఎర్రటి చుక్కలు, అక్కడక్కడా కమిలిన మచ్చలు తప్ప చాలామందిలో పెద్ద రక్తస్రావం కనిపించదు. కీమోథెరపీలో ఉన్న రక్తక్యాన్సర్ రోగులకు కూడా సాధారణంగా పది వేల లోపుకు దిగితేనే ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. కాబట్టి డెంగీలో ముప్ఫై వేల కౌంట్‌తో పరిస్థితి విషమించిన రోగిని చూసి తప్పంతా ఆ ముప్ఫై వేలదే అనుకోవడానికి లేదు.

సన్నని గోడలో జరిగే అసలు కథ

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటే అందులో సగానికి పైగా ప్లాస్మాయే. గుండె నుంచి బయల్దేరిన రక్తం ధమనుల్లో నడిచి, చీలికలు పేలికలై, చివరికి ఒక్క కణం మందం గోడ ఉన్న కేశనాళికల్లోకి చేరుతుంది. రక్తం గుండ్రంగా తిరుగుతుందని 1628లో విలియం హార్వే లెక్కలతో సహా చూపించాడు గానీ ధమనులనూ సిరలనూ కలిపే ఈ దారి ఆయన కంటికి కనిపించలేదు. 1661లో ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పిఘి కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే గానీ ఆ లంకె దొరకలేదు.

కేశనాళికలది వింత ఉద్యోగం. ఆక్సిజన్, గ్లూకోజ్, నీరు, లవణాలు గోడ దాటాలి. ప్రోటీన్లు, రక్తకణాలు చాలావరకు లోపలే ఉండిపోవాలి. లోపలి ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంటే, ప్లాస్మాలోని ప్రోటీన్లు, ముఖ్యంగా అల్బుమిన్, దాన్ని లోపలికి పట్టి ఉంచుతాయి. ఈ రెండు శక్తుల లెక్కను ఎర్నెస్ట్ స్టార్లింగ్ 1896లో వివరించాడు. గోడ లోపలి వైపున గ్లైకోకేలిక్స్ అనే పలుచని చక్కెర పూత కూడా ఉంటుంది. అల్బుమిన్ జారిపోకుండా చూసే కాపలా చాలావరకు దానిదే.

డెంగీ దెబ్బ పడేది ఈ పూత మీద. వైరస్ సోకిన కణాలు ఎన్‌ఎస్1 అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. మొదటి రోజుల్లో డెంగీ ఉందో లేదో తేల్చే పరీక్షలో వెతికేది దీన్నే. ఈ ప్రోటీన్ తనంత తానుగా రక్తనాళాల లోపొరను వదులు చేయగలదని 2015లో వెలువడిన ప్రయోగాలు చూపించాయి. రోగనిరోధక కణాలు విడుదల చేసే రసాయనాలు దానికి తోడవుతాయి. గోడ తెగదు, చిరగదు. కణాల మధ్య సందులు వదులై, అల్బుమిన్‌తో సహా ప్లాస్మా బయటికి ఊరుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో, పిత్తాశయం గోడలో చేరుతుంది. స్కానింగ్ రిపోర్టులో ‘పొట్టలో నీరు, పిత్తాశయం గోడ వాపు’ అని రాసేది ఈ నీటి గురించే.

విరేచనాల్లో ఒంట్లోని నీరు పోతే కంటికి కనిపిస్తుంది, ఎంత పోయిందో ఒక అంచనాకు రావచ్చు. డెంగీలో పోయిన ప్లాస్మా ఒంట్లోనే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం ఉండదు. బరువు తగ్గదు, పక్క తడవదు, ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. అందుకే ఈ ప్రమాదాన్ని ఎవరైనా రిపోర్టుల్లోంచి, నాడిలోంచి చదివి పట్టుకోవాల్సిందే.

సీబీపీ రిపోర్టులో దాటేసే గడి

ప్లాస్మా బయటికి పోతుంది గానీ ఎర్రకణాలు పెద్దవి కాబట్టి గోడ దాటలేవు. పులుసు మరిగేకొద్దీ నీరు ఇగిరిపోయి ముక్కలు ఎక్కువగా కనిపించినట్టు, మిగిలిన రక్తంలో ఎర్రకణాల వాటా పెరుగుతుంది. ఆ వాటానే పీసీవీ లేదా హెమటోక్రిట్ అంటారు. ప్లేట్‌లెట్ కౌంట్ ఉన్న కాగితం మీదే, కొన్ని వరసల అవతల అదీ ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. జ్వరం మూడో రోజున హిమోగ్లోబిన్ 13, పీసీవీ 39, ప్లేట్‌లెట్లు 92 వేలు. ఐదో రోజున హిమోగ్లోబిన్ 15.7, పీసీవీ 47, ప్లేట్‌లెట్లు 38 వేలు. ఇంట్లోవాళ్ల కళ్లు 38 వేల దగ్గరే ఆగిపోతాయి. హిమోగ్లోబిన్ చూసి ‘రక్తం బాగానే పట్టింది’ అని సంతోషించేవాళ్లూ ఉంటారు. కానీ రెండు రోజుల్లో ఎవరికీ అంత కొత్త రక్తం పుట్టదు. పీసీవీ 39 నుంచి 47కు చేరడమంటే 20 శాతం పెరగడం. చెప్పుకోదగ్గ లీకేజీకి వైద్యులు ఏనాటి నుంచో వాడుతున్న గీత అదే. ఈ రిపోర్టులో భయపెట్టాల్సిన అంకె 47.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రక్తహీనత ఉన్న మహిళకు మామూలు పీసీవీ 30 ఉండొచ్చు. ఆమెకు 37 అంటే లీకేజీ గట్టిగానే జరిగినట్టు, కానీ రిపోర్టులో అది ‘నార్మల్’ పరిధిలోనే కనిపిస్తుంది. మన దగ్గర రక్తహీనత ఎంత సామాన్యమో తెలిసిందే. అందుకే జ్వరం తొలి రోజుల్లో చేయించిన ఒక సీబీపీని దాచి ఉంచుకోవడం ఎంతో ఉపయోగం. తర్వాతి అంకెలను పోల్చడానికి ఆధారం అదొక్కటే. పరీక్షలన్నీ ఒకే ల్యాబులో చేయిస్తే ఇంకా మంచిది. ప్లేట్‌లెట్లు గుంపులు కట్టినప్పుడు మిషన్ వాటిని సరిగా లెక్కపెట్టలేదు. ఉదయం ఒక చోట 40 వేలు, సాయంత్రం మరో చోట 55 వేలు వచ్చాయంటే రోగిలో మార్పు వచ్చినట్టేనని చెప్పలేం.

బీపీలో రెండు అంకెల మధ్య

లీకేజీ మొదలైతే సిరల ద్వారా గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. వచ్చిందే తక్కువైతే గుండె ఒక్కో కొట్టుకు పంపేదీ తక్కువే. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. చర్మం, పేగులు, కిడ్నీల వైపు వెళ్లే చిన్న ధమనులు బిగుసుకుంటాయి. ఉన్న రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లించే ఏర్పాటిది.

బీపీ మీద దీని ప్రభావం తమాషాగా ఉంటుంది. పై అంకె చాలావరకు గుండె ఒక కొట్టులో పంపే రక్తాన్ని బట్టి ఉంటుంది, అది మెల్లగా దిగుతుంది. కింది అంకె ధమనుల బిగువును బట్టి ఉంటుంది, అది దిగదు సరికదా కొంచెం పెరుగుతుంది కూడా. 120/80 ఉన్న మనిషికి 100/80 వస్తుంది. ‘బీపీ వంద ఉంది, పర్లేదు’ అనుకుంటారు. నిజానికి రెండింటి మధ్య దూరం 40 నుంచి 20కి పడిపోయింది. డెంగీలో 20 గానీ అంతకంటే తక్కువ గానీ తేడా ఉంటే షాక్, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితి, మొదలైనట్టే లెక్క. బ్యాక్టీరియా వల్ల వచ్చే సెప్సిస్‌లో ఇందుకు తిరగేసిన పద్ధతి. అక్కడ రక్తనాళాలు వదులై కింది అంకె ముందుగా పడిపోతుంది, మొదట్లో చేతులు వెచ్చగానే ఉంటాయి. డెంగీ షాక్‌లో చేతులూ కాళ్లూ చల్లబడతాయి. గోరు నొక్కి వదిలితే తిరిగి ఎర్రబడటానికి రెండు సెకన్లకు మించి పడుతుంది.

ఈ దశలో రోగి చక్కగా మాట్లాడుతూనే ఉంటాడు. మెదడుకు రక్తం అందుతోంది కాబట్టి తెలివి తప్పదు. శరీరం సర్దుబాటు చేసుకోగలిగినంతసేపూ ఇలాగే ఉంటుంది. అది చేతులెత్తేసిన తర్వాత బీపీ పడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ‘పొద్దున బాగానే మాట్లాడాడు, మధ్యాహ్నానికి చెయ్యి దాటిపోయింది’ అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

పెద్ద రక్తస్రావాలు కూడా చాలావరకు ఈ దారిలోనే వస్తాయి. షాక్ గంటల తరబడి సాగితే కాలేయం, పేగులు దెబ్బతింటాయి. గడ్డకట్టే వ్యవస్థ మొత్తం అదుపు తప్పుతుంది. అప్పటికే తక్కువగా ఉన్న ప్లేట్‌లెట్లు దానికి తోడవుతాయి. లీకేజీని సకాలంలో పట్టుకుని ద్రవాలు సరిగా ఇస్తే రక్తస్రావం ముప్పు కూడా తగ్గుతుంది.

జ్వరం దిగిన రోజే జాగ్రత్త

వేరే జ్వరాల్లో ఒళ్లు చల్లబడితే గండం గడిచినట్టు. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం 100 డిగ్రీల చుట్టుపక్కలకు దిగే వేళకే లీకేజీ మొదలవుతుంది. అది 24 నుంచి 48 గంటలు ఉంటుంది. జ్వరం తగ్గిందని ఆఫీసుకు, బడికి వెళ్లిపోయేదీ, తోడున్న బంధువులు ఊరికి బయల్దేరేదీ సరిగ్గా అప్పుడే.

రోగుల్లో ఎక్కువమంది ఈ ఒకటి రెండు రోజులనూ ఏ ఇబ్బందీ లేకుండా దాటేస్తారు. ఎవరికి తేడా వస్తుందో చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో రోగ వర్గీకరణను మార్చి, హెచ్చరిక లక్షణాలకు పెద్దపీట వేసింది. ఆగని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, మగతగా ఉండటం లేదా నిలకడ లేకుండా కదలడం, కాలేయం పెరగడం, పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరడం, పీసీవీ పెరుగుతూ ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవడం. ఈ చివరి లక్షణంలో రెండూ కలిసే ఉన్నాయని గమనించాలి. కౌంట్ తగ్గడం ఒక్కటే అయితే అది ఆ జాబితాలో లేదు. ఇంట్లో ఉన్న రోగికి నాలుగైదు గంటలుగా మూత్రం రాకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి అదొక్కటి చాలు.

నొప్పికో జ్వరానికో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ఈ జబ్బులో పనికిరావు. అవి ప్లేట్‌లెట్ల పనితీరును మందగింపజేస్తాయి, పొట్టలో పుండ్లు చేస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ మోతాదు మించకుండా. స్టెంట్ వేయించుకుని రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు మాత్రం సొంతంగా ఆపేయకుండా డాక్టరును అడగాలి.

రెండోసారి ఎందుకు ముదురుతుంది

డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం సోకితే దాని మీద దీర్ఘకాలం రక్షణ వస్తుంది. మిగతా మూడింటి మీద ఆ రక్షణ కొన్ని నెలలే. తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని అంటుకుంటాయి గానీ చంపలేవు. పైగా అలా అంటుకున్న వైరస్‌ను రోగనిరోధక కణాలు లోపలికి తీసుకుంటాయి. వైరస్‌కు కావాల్సిందీ అదే, ఆ కణాల్లోనే అది పెరుగుతుంది. థాయ్‌లాండ్‌లో పిల్లల్ని గమనించిన అమెరికన్ శాస్త్రవేత్త స్కాట్ హాల్‌స్టెడ్ ఈ వాదాన్ని ముందుకు తెచ్చాడు. క్యూబాలో 1977లో ఒకటో రకం డెంగీ విస్తరించింది, మరణాలు దాదాపు లేవు. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 158 మంది చనిపోయారు. వారిలో 101 మంది పిల్లలు. ఎన్నడూ డెంగీ రాని నెలల పసికందుల్లోనూ తీవ్రమైన జబ్బు కనిపించడం ఈ వాదానికి బలం చేకూర్చింది. వాళ్ల ఒంట్లో ఉన్నవి తల్లి నుంచి వచ్చి, క్రమంగా పలుచబడుతున్న యాంటీబాడీలు.

టీకాల చిక్కంతా ఇక్కడే. ఫిలిప్పీన్స్‌లో 2016లో బడి పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టిన డెంగీ టీకాతో, అంతకుముందు డెంగీ రానివారిలో జబ్బు తీవ్రతను పెంచే ముప్పు ఉందని తేలడంతో 2017లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. నాలుగు రకాలకూ ఒకేసారి దీటైన రక్షణ ఇవ్వగలిగితేనే టీకా నిలబడుతుంది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), పనేసియా బయోటెక్ కంపెనీ కలిసి ఒకే డోసు టీకా మీద మూడో దశ పరీక్షలను 2024 ఆగస్టులో మొదలుపెట్టింది ఈ లక్ష్యంతోనే.

ఎక్కిస్తే ఏమవుతుంది

ఒక యూనిట్ మామూలు రక్తం నుంచి తీసిన ఆర్‌డీపీ కౌంట్‌ను 5 నుంచి 10 వేలు, ఒకే దాత నుంచి మిషన్ ద్వారా తీసిన ఎస్‌డీపీ 30 నుంచి 50 వేలు పెంచుతుందని అంచనా. డెంగీ ముమ్మరంగా ఉన్నప్పుడు ఆ పెరుగుదల నిలబడదు. సొంత ప్లేట్‌లెట్లను ఏరేస్తున్న ఒళ్లు పరాయివాటిని మాత్రం ఎందుకు ఉంచుతుంది?

దీన్ని నేరుగా పరీక్షించారు. సింగపూర్, మలేషియాల్లో 20 వేలు లేదా అంతకంటే తక్కువ కౌంట్ ఉన్న 372 మంది పెద్దవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం రక్తస్రావం విషయంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించినవారిలోనే ఎక్కువ. మన జాతీయ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనివారికి పది వేల లోపుకు పడితేనే ఎక్కించడం గురించి ఆలోచించమంటున్నాయి. రక్తం పోతున్నప్పుడు, ఆపరేషనో కాన్పో ముందున్నప్పుడు లెక్క వేరు.

మరి ఇరవై, ముప్ఫై వేలకే ఎక్కించడం ఎందుకు ఆగట్లేదు? అంకె పడిపోతుంటే ఏమీ చేయకుండా కూర్చోవడం కుటుంబానికి కష్టం. ఏదైనా జరిగితే ‘ఎందుకు ఎక్కించలేదు’ అని నిలదీస్తారని డాక్టరుకు భయం. బిల్లు పెరిగితే నష్టపోని ఆసుపత్రికి ఆపాలన్న తొందరేమీ ఉండదు. భారం పడేది బ్లడ్ బ్యాంకుల మీద. ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా కదుపుతూ ఉంచాలి. అలా ఉంచినా ఐదు రోజులే నిల్వ. సీజన్‌లో అవన్నీ డెంగీ వార్డులకు పోతే, వాటి మీదే ఆధారపడిన క్యాన్సర్ రోగులు ఎదురుచూడాల్సి వస్తుంది.

బొప్పాయి ఆకు రసం సంగతీ ఇదే తీరు. కౌంట్ కొంచెం త్వరగా పెరిగిందని చెప్పిన చిన్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. లీకేజీని ఆపుతుందని, ప్రాణాలు కాపాడుతుందని నిరూపణ లేదు. ఎలాగూ ఏడెనిమిది రోజులకు కౌంట్ తనంతట తానే లేస్తుంది కాబట్టి, ఆ ముందు రోజు ఇచ్చింది బొప్పాయి అయినా, కివీ అయినా, ఎస్‌డీపీ అయినా పేరు దానికే దక్కుతుంది. వాంతులతో ఉన్న రోగికి ఆ చేదు రసం పట్టిస్తే తాగిన ఓఆర్‌ఎస్ కూడా బయటికి వచ్చేస్తుందన్నది దానితో వెంటనే వచ్చే ఇబ్బంది.

సెలైన్‌కూ సమయం ఉంది

తాగగలిగినవారికి ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు సరిపోతాయి. లీకేజీ దశలో తాగలేకపోతేనో, షాక్ లక్షణాలు ఉంటేనో సెలైన్ కావాలి. అదీ గంట గంటకూ నాడి, బీపీ, మూత్రం, పీసీవీ చూస్తూ పెంచుతూ తగ్గిస్తూ ఇవ్వాలి. ఖరీదైన ద్రవాలే కావాలనీ లేదు. వియత్నాంలో డెంగీ షాక్‌తో వచ్చిన పిల్లల మీద చేసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, మధ్యస్థ షాక్ ఉన్నవారికి మామూలు రింగర్ లాక్టేట్ సెలైన్ ఆ ఖరీదైన ద్రవాలకు దీటుగా పనిచేసింది.

రక్తనాళాల గోడ శాశ్వతంగా దెబ్బతినలేదు కాబట్టి రెండు రోజుల్లో సందులు బిగుసుకుంటాయి. తర్వాతి రెండు మూడు రోజుల్లో, బయట చేరిన ప్లాస్మా అంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ వేళ కూడా సెలైన్ బాటిళ్లు నడుస్తూనే ఉంటే గుండె మీద భారం పెరిగి, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగి ఆయాసం వస్తుంది. లీకేజీని దాటుకుని వచ్చిన రోగి ఇలా మళ్లీ ఐసీయూకు చేరడం వైద్యులకు తెలిసిన ప్రమాదమే. ‘నీరసంగా ఉన్నాడు, ఇంకో బాటిల్ పెట్టండి’ అని బంధువులు పట్టుబట్టకూడనిది ఇప్పుడే.

కోలుకునే వేళ పీసీవీ తగ్గుతుంది. మూత్రం ధారాళంగా వస్తూ, ఆకలి వేస్తూ, మనిషి తేటగా ఉంటే అది రక్తం పలుచబడటమే. నాడి వేగంగా ఉండి, బీపీ దిగుతూ పీసీవీ కూడా పడిపోతే లోపల రక్తస్రావం జరుగుతోందేమో చూడాలి. కొందరికి అరచేతులు, అరికాళ్లు దురదపెడతాయి, నాడి మామూలు కంటే నెమ్మదిగా కొట్టుకుంటుంది. మందులేవీ లేకుండా 48 గంటలు జ్వరం రాకపోవడం, సెలైన్ లేకుండా పీసీవీ నిలకడగా ఉండటం, తిండి సయించడం, కౌంట్ పైకి తిరగడం ఇంటికి పంపడానికి చూసే గుర్తులు. కౌంట్ లక్షన్నర దాటాల్సిన పనేమీ లేదు. పైకి తిరిగితే మిగతాది ఇంటి దగ్గర ఉండగానే పూర్తవుతుంది.